పెడల్ ఎప్పుడు వదలాలి

కొండకి ఇవతల,
కళ్లద్దాల షాపు వెనక గది

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. కారు క్షేమంగా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి అనుకోకండి. షాపులో మిషన్ల మోతలో మాట్లాడి మాట్లాడి మీ గొంతు ఒక స్థాయికి చేరింది. మీరు ఫోన్‌లో "బాబూ" అంటే వంటింట్లోంచి మీ అమ్మాయి "ఆఁ అమ్మా" అని పలుకుతుంది. ఈ కారు సంగతి ఆమెకి తెలియకూడదు. జవాబు కూడా ఇంటికి వద్దు, షాపుకే రాయండి.

జరిగిందేమిటంటే, ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టం పగుళ్లిచ్చింది. మా వీధి చివర మెకానిక్ దాన్ని చూసి, టీ బంకు దగ్గర అందరూ వింటుండగా "మీరు ముట్టుకోకండి సార్, ఇది కళ్లజోడు కాదు" అన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. "ఆవగింజంత స్క్రూలు రోజూ బిగించేవాణ్ణి, నీ కారు స్క్రూలు నాకో లెక్కా" అనేసి వచ్చాను. కొత్త గొట్టం తెచ్చి నేనే మార్చాను. నిజంగానే మార్చాను అత్తయ్యగారూ, ఒక్క చుక్క కారడం లేదు. కానీ పెడల్ తొక్కితే నేల దాకా దిగిపోతోంది. లోపలికి గాలి చేరిందట, దాన్ని తీసెయ్యాలట. కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఎలా తియ్యాలో చెప్పే పేజీ మీదే పాత యజమాని టీ గ్లాసు పెట్టుకునేవాడు. అక్షరాలన్నీ అలికిపోయాయి.

సిగ్గు విడిచి మెకానిక్ దగ్గరికే వెళ్లాను. "కళ్లజోడూ కారూ ఒకటి కాదు అని ఆ బంకు దగ్గర నిలబడి ఒక్కసారి అనండి సార్, వచ్చి చేసి పెడతాను" అన్నాడు. వెనక్కి వచ్చేశాను.

ఇంత కంగారు ఎందుకో మీకు తెలుసు. మీ అమ్మాయి నర్సు ఉద్యోగం మీ ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. మన ఊళ్ల మధ్య కొండ మీద బస్సు ఆపేశారు. ఆసుపత్రివాళ్లు క్వార్టర్స్‌లో గది ఇస్తామంటున్నారు. అది తీసుకుంటే వారమంతా అక్కడే, ఆదివారం మాత్రం ఇక్కడ. "కారుండగా క్వార్టర్స్ ఏమిటి, రోజూ నేనే దింపి నేనే తీసుకొస్తాను" అని గొప్పగా చెప్పేశాను. గది కావాలో వద్దో వచ్చే నెలాఖరులోగా ఆమె చెప్పాలి. కారు ఇలా ఉందని తెలిస్తే గది తీసేసుకుంటుంది. ఆమె లేకుండా వారమంతా ఆ ఇంట్లో ఉండడం నావల్ల కాదు. మీతో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అదీ సంగతి.

మామయ్యగారూ మీరూ కలిసి నడిపిన బ్రేకుల షాపు. ఆయన పోయాక మీరొక్కరే నడుపుతున్నారు. మీకు తెలియని బ్రేకు ఉండదు. దయచేసి వివరంగా రాయండి.

మీ అల్లుడు


కొండకి అవతల,
బ్రేకుల షాపు

అల్లుడికి దీవెనలు.

నీ ఉత్తరం బ్రేకు లైనింగులు అతికిస్తూ చదివాను. బంక అంటుకుని రెండో పేజీ మూడో పేజీని వదలడం లేదు. చదవగలిగినంత చదివాను. నీ బాధ అర్థమైంది.

గొట్టం నువ్వే మార్చావంటే ముచ్చటేసింది. చుక్క కారకుండా మార్చావంటే ఇంకా ముచ్చటేసింది. ఆ మెకానిక్ మాట వదిలెయ్. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ నోరు ఒక పానా పెద్దదే. మీ మామగారిని ఎరగవా?

ఇక పని. దీనికి ఇద్దరు కావాలి. ఒకళ్లు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకళ్లు చక్రం దగ్గర కూర్చుని స్క్రూ చూసుకోవాలి. వెనక చక్రాల్లో పెడల్‌కి బాగా దూరంగా ఉన్నదానితో మొదలుపెట్టు. గాలి వదిలే స్క్రూకి సన్న గొట్టం తొడిగి, రెండో కొస ఖాళీ సీసా మూతిలో పెట్టు. లోపలి మనిషి నాలుగైదుసార్లు తొక్కి, ఆఖరుసారి గట్టిగా తొక్కి పట్టుకోవాలి. నువ్వు స్క్రూ సడలించు. ఆయిలూ బుడగలూ వస్తాయి. అప్పుడు పెడల్ వదిలెయ్యమను. వదిలాక స్క్రూ బిగించు. బుడగలు రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ ఇదే. అలా నాలుగు చక్రాలూ. బానెట్ కింది డబ్బాలో బ్రేకు ఆయిల్ అడుగంటనివ్వకు. రంగు వేసిన చోట ఆ ఆయిల్ పడితే రంగు ఊడుతుంది.

జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని చక్రం విప్పకు, కింద దిమ్మలు పెట్టు. పెడల్ కాలి కింద రాయిలా నిలిచేదాకా కారు గేటు దాటకూడదు. ఈ రెండు మాటలూ నా మీద ఒట్టు.

మా అమ్మాయిని మాత్రం పెడల్ దగ్గర కూర్చోబెట్టకు. చిన్నప్పుడు వాళ్ల నాన్న దాన్ని కూర్చోబెట్టి "తొక్కు, పట్టు" అని అరిచి అరిచి ఏడిపించేవాడు. అప్పటినుంచి దానికి బ్రేకంటే ఒళ్లు మంట. ఇంకెవరినైనా పిలుచుకో.

అన్నట్టు ఆ క్వార్టర్స్ గది చూసొచ్చాను. ఆసుపత్రి మా షాపు వెనక వీధే కదా. గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయి. ఊరికే చెప్తున్నాను.

మీ అత్తయ్య


కళ్లద్దాల షాపు

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ప్రకారం రెండు ఆదివారాలు కష్టపడ్డాను.

మొదటి ఆదివారం మనిషి ఎందుకులే అని, పెడల్‌కీ సీటుకీ మధ్య ఒక కర్ర బిగించాను. మీ మాట ప్రకారం తొక్కి పట్టుకున్నట్టే కదా. స్క్రూ సడలించగానే పెడల్ దిగింది, కర్ర జారి హారన్ మీద పడింది. నేను చక్రం దగ్గరినుంచి వచ్చి తీసేదాకా అది మోగుతూనే ఉంది. వీధి వీధంతా బయటికొచ్చింది. టీ బంకు దగ్గర మెకానిక్ గ్లాసు పైకెత్తి నాకు చూపించాడు. అది అభినందన అని నేను అనుకోలేదు.

రెండో ఆదివారం పక్కింటి డ్రిల్లు మాస్టారిని బతిమాలాను. రిటైరైనా ఆయన ఒంట్లోంచి బడి ఇంకా పోలేదు. తెల్ల బూట్లు వేసుకుని, ఈల మెళ్లో వేసుకుని వచ్చారు. నేను "తొక్కండి" అనేలోపే ఈల ఊదుకుని వన్, టూ, వన్, టూ అంటూ తొక్కడం మొదలుపెట్టారు. "పట్టుకోండి మాస్టారూ" అంటే "ఆర్డరు ఒకేసారి ఇవ్వాలి" అని నన్నే కసిరారు. చివరికి దారికొచ్చారు. తొక్కారు, పట్టారు. నేను సడలించాను, బుడగలొచ్చాయి. "వదలండి" అన్నాను, వదిలారు. బిగించాను. ఏ తేడా లేకుండా మీరు రాసినట్టే చేశాం.

బుడగలు ఆగవు అత్తయ్యగారూ. సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి. తగ్గకపోగా పిల్లల్ని పెట్టినట్టున్నాయి. ఒక డబ్బా ఆయిల్ పూర్తిగా అయిపోయింది. అందులో కొంత మాస్టారి గేటు మీద పడింది. ఆయన ఆ గేటుకి ఈ మధ్యే రంగు వేయించుకున్నారు. ఇప్పుడు గేటు మీద అరచేతి వెడల్పున ఇనుము కనబడుతోంది. ఆయన ఇంకా చూడలేదు.

మీ అమ్మాయి డ్యూటీనుంచి వచ్చి, చక్రం పక్కన కూర్చున్న నన్ను చూసి "ఏం చేస్తున్నారు?" అంది. "చల్లగా ఉందని కూర్చున్నాను" అన్నాను. టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పండి.

మీ అల్లుడు


బ్రేకుల షాపు

అల్లుడికి,

పొరపాటేమీ లేదు. ఓపిక లేదు, అంతే. ఇది గాలి బాబూ, పిలిచినప్పుడల్లా బయటికి రావడానికి నీ కొట్లో గుమాస్తా కాదు. మీ మామగారు ఒక్కో బండికి పూటల తరబడి కూర్చునేవారు. నేను చెప్పిన పద్ధతిలోనే ఇంకో రెండు ఆదివారాలు చెయ్యి. రాకపోతే అప్పుడు చూద్దాం.

డ్రిల్లు మాస్టారి విషయం చదివి షాపులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. లారీ డ్రైవరొకడు బేరానికి వచ్చి, నన్ను చూసి భయపడి బయటే నిలబడ్డాడు. ఆ గేటుకి ఆయన చూడకముందే రంగు వేసెయ్.

నిన్న బట్టల కొట్టు ముందునుంచి వస్తుంటే లేత పచ్చ కర్టెన్ గుడ్డ కనబడింది. క్వార్టర్స్ గది కిటికీకి సరిగ్గా సరిపోతుంది. తీసి ఉంచాను. గది తీసుకోకపోతే షాపులో ధూళి తుడవడానికి పనికొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

అమ్మాయి ఎలా ఉంది? నిద్రపోతోందా? ఫోన్ చేస్తే "బాగున్నాను, డ్యూటీకి టైమైంది" అని పెట్టేస్తోంది. ఇక్కడ పోట్లాడడానికి కూడా మనిషి లేక నా నోరు తుప్పు పడుతోంది.

మీ అత్తయ్య


కళ్లద్దాల షాపు

అత్తయ్యగారికి,

పని ముందుకు సాగలేదు. మిగతావన్నీ వెనక్కి సాగాయి.

మాస్టారు గేటు చూసేశారు. నేను వేసిన రంగు ఆయన రంగుకి ఒక మెట్టు ముదురు. రంగుల తేడా కనిపెట్టే పరీక్షలు రోజూ జనానికి చేసేవాణ్ణి, గేటు దగ్గర పప్పులో కాలేశాను. ఆయన ఈల ఊదలేదు, తిట్టలేదు. "నేను ఇక ఈ డ్యూటీ చేయను" అని బూట్లు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయారు. ఆ తర్వాత పాలవాణ్ణి కూర్చోబెట్టాను, మా షాపులో అద్దాలు అరగదీసే ఆయన్ని కూర్చోబెట్టాను. అదే పద్ధతి, అవే బుడగలు.

అసలు బాధ అది కాదు. మీ అమ్మాయి మాటలు తగ్గించేసింది. నిన్న అటక మీదనుంచి పెట్టె దించి, యూనిఫారాలు మడిచి పెట్టుకుంటోంది. "ఇవెందుకు ఇప్పుడు?" అన్నాను. "మీరు ఆదివారమంతా కారుతోనే ఉంటున్నారు కదా. ఇక మనకి మిగిలేవి ఆదివారాలేగా. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాను" అంది. ఆ కారుతో కుస్తీ పడుతున్నది నీకోసమేనని నోటిదాకా వచ్చింది. కానీ కారు పాడు చేసింది నేనే అని కూడా చెప్పాలి. పైగా అది ఉద్యోగం విషయం. ఉండమని నేను అడిగితే ఆమె ఇష్టానికి అడ్డం పడినట్టు కాదా? అందుకే కారు బాగుచేసి, తాళంచెవి చేతిలో పెడితే, అడక్కుండానే అర్థమైపోతుందని నా ఆశ.

నెలాఖరు దగ్గరికొచ్చేసింది. శనివారం ఆమె మీ ఊరి ఆసుపత్రి మేట్రన్‌కి గది సంగతి చెప్పాలి. నాకు తల ప్రాణం తోకకొస్తోంది.

మీరు చెప్పిన పద్ధతిలో ఏదైనా మరిచిపోయారేమో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మిమ్మల్ని అనుమానించడం కాదు.

మీ అల్లుడు


బ్రేకుల షాపు

అల్లుడికి,

పెట్టె దించిందా?

దించిందని చదివి ముందు సంతోషమేసింది. "ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాను" అన్న మాట దగ్గరికొచ్చేసరికి సంతోషం పోయింది. అది అలా మాట్లాడే పిల్ల కాదు. కోపమొస్తే గిన్నెలు విసురుతుంది, నెమ్మదిగా మాట్లాడదు.

నువ్వొక వెర్రిబాగులవాడివి. ఉండమని నోరు తెరిచి అడగడానికి కారు బాగవ్వాలా?

పద్ధతి గురించి అడిగావు. ఒక మాట రాయాలి. ఎవరో బండి తెచ్చారు, బ్రేకు డ్రమ్ము విప్పాలి. మళ్లీ రాస్తాను.

మీ అత్తయ్య


ఇంట్లోనే, బల్ల దగ్గర

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు రాస్తానన్న మాట ఇంకా అందలేదు. ఈలోగా ఇక్కడ కొన్ని సంగతులు జరిగాయి. ఇకనుంచి ఉత్తరాలు ఇంటికే రాయొచ్చు. దాచడానికేమీ మిగల్లేదు.

శుక్రవారం ఆమెకి సెలవు. షాపు మధ్యాహ్నమే మూసేసి ఇంటికొచ్చాను. పాలవాడు నన్ను చూసి పక్కసందులోకి తిరిగాడు. ఇక పిలవడానికి ఎవరూ లేరు. వంటింటి గుమ్మంలో నిలబడి, "కాస్త వచ్చి కారులో కూర్చుంటావా, పెడల్ తొక్కాలి" అన్నాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ "ఇన్నాళ్లకి అడిగారు" అంది. అంతే అంది.

నేను చక్రం దగ్గర సర్దుకుంటూ, ఎలా తొక్కాలో చెప్పబోయాను. అప్పటికే లోపల పెడల్ చప్పుడు. నాలుగుసార్లు, ఒకే తీరుగా. తర్వాత "పట్టాను" అని వినబడింది. అది మామయ్యగారి షాపులో మాట అని నాకేం తెలుసు? స్క్రూ సడలించాను. బుడగలొచ్చాయి. "వదులు" అన్నాను.

పెడల్ కదల్లేదు.

"స్క్రూ బిగించారా?" అంది.

"లేదు. ముందు నువ్వు వదలాలి, తర్వాత నేను బిగించాలి."

"ఎవరు చెప్పారు?"

"పద్ధతి అదే."

"ఎవరు చెప్పారండీ?"

"మీ అమ్మగారు" అన్నాను.

వెంటనే కారు హారన్ మోగింది. కంగారుగా లేచి చూస్తే, మీ అమ్మాయి స్టీరింగు మీద నుదురు ఆనించి, భుజాలు అదిరేలా నవ్వుతోంది. నవ్వుతున్నా కాలు మాత్రం పెడల్ మీదనుంచి తియ్యలేదు. "ముందు బిగించి రండి, ముందు బిగించండి" అని చేత్తో సైగలు చేస్తోంది.

బిగించాక చెప్పింది. స్క్రూ తెరిచి ఉండగా పెడల్ వదిలితే, అది వెనక్కి వస్తూ బయటి గాలిని మళ్లీ లోపలికి లాక్కుంటుందట. బిగించాకే వదలాలట. గొట్టం కొస సీసా మూతిలో కాదు, సీసాలో కాస్త ఆయిల్ పోసి అందులో మునిగి ఉండాలట. నేను నెల పైగా గాలిని తియ్యడం, వెంటనే దాన్ని లోపలికి పిలవడం, మళ్లీ తియ్యడం చేస్తున్నానన్నమాట. నేనూ, మాస్టారూ, పాలవాడూ, అందరం కలిసి.

నేను మిమ్మల్ని వెనకేసుకొచ్చాను. "పెద్దావిడ, మరిచిపోయి ఉంటారు" అన్నాను. "మా అమ్మా? నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పదు" అంది. నా సంచిలో మీ ఉత్తరాలున్నాయి. ఇమ్మంది, ఇచ్చేశాను. అడ్డం చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మిగతా చక్రాలు చేస్తున్నప్పుడు ఆమె నాకు కనబడదు, నేను ఆమెకి కనబడను. "తొక్కు." "పట్టాను." "బిగించాను." "వదిలాను." ఆఖరి చక్రం దగ్గర ఆమె "పట్టాను" అన్నాక నేను స్క్రూ ముట్టుకోలేదు. అక్కడినుంచే అడిగాను. "క్వార్టర్స్ తీసుకోవద్దు. ఇక్కడే ఉండు. రోజూ నేను తీసుకెళ్తాను. నువ్వు లేకపోతే నాకు బాగుండదు."

లోపలినుంచి "కాలు నొప్పెడుతోంది, ముందు స్క్రూ సంగతి చూడండి" అని వినబడింది. చూశాను. బిగించాను. వదిలింది. దిగొచ్చి, చేతులు దులుపుకుని, "మేట్రన్‌కి రేపు చెప్పాలి కదా, రేపే చెప్తాను" అంది.

పెడల్ ఇప్పుడు రాయిలా ఉంది. మీ అమ్మాయే కారు నడిపింది, వీధి చివరిదాకా వెళ్లి టీ బంకు ముందు టక్కున ఆపింది. మెకానిక్ గ్లాసు కింద పెట్టేశాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. తర్వాత ఆమె నేనిచ్చిన మీ ఉత్తరాలన్నీ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అత్తయ్యగారూ, మీరు రాసిన పద్ధతిలో ఒక చిన్న పొరపాటు దొర్లినట్టుంది. కారణం తెలుసుకోవాలని ఉంది.

మీ అల్లుడు


బ్రేకుల షాపు

అల్లుడికి,

పొరపాటు దొర్లలేదు. నేనే దొర్లించాను. ఒకటి కాదు, రెండు. గొట్టం కొస గురించి కూడా.

కారు కదలకుండా ఉండడానికి మాత్రమే అబద్ధం రాశాను, చూసుకో. కదిలి ఆగకుండా పోయే అబద్ధం ఈ చేత్తో ఎప్పుడూ రాయను. దిమ్మలు పెట్టమన్నదీ, గట్టిపడేదాకా గేటు దాటొద్దన్నదీ నిజం. అమ్మాయిని కూర్చోబెట్టొద్దన్నది, అది కూర్చుంటే నా దొంగతనం బయటపడుతుందని. దానికి బ్రేకంటే ఒళ్లు మంట కాదు. వాళ్ల నాన్న అరిస్తే అంతకంటే గట్టిగా అరిచేది.

ఎందుకు చేశానంటే, దాన్ని నా దగ్గరికి రప్పించుకోవాలని. ఇంకేమీ లేదు. బదిలీ మా ఊరికే అయిందని విన్న రోజు ఆ మిషన్ దగ్గర కూర్చుని పనే చెయ్యలేకపోయాను, అంత ఆనందం. అంతలో నీ ఉత్తరం వచ్చింది, కారు బాగుచేసి రోజూ తీసుకుపోతానని. నీకు వంటింట్లో కనబడుతుంది, హాల్లో కనబడుతుంది. నాకు ఫోన్‌లో "డ్యూటీకి టైమైంది" అని వినబడుతుంది. వారానికి ఒక్కపూటైనా నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుందని ఆశపడ్డాను. పెళ్లైన పిల్లని నా దగ్గర ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగను? నోరున్న మనిషినే, ఆ ఒక్క మాటకి మాత్రం నోరు రాలేదు. నిన్ను వెర్రిబాగులవాడివన్నాను, నేనేం తక్కువ తినలేదు.

కిందటిసారి నిజం రాద్దామని మొదలుపెట్టి, బండి వచ్చిందని వంక పెట్టాను. ఏ బండీ రాలేదు.

నీ ఆదివారాలు పాడుచేశాను, మాస్టారి గేటు పాడుచేశాను. నామీద కోపముంటే ఉంచుకో. అది ఏం చెప్పినా నేను మాట్లాడను. మేట్రన్‌కి ఏం చెప్పిందో మాత్రం ఒక ముక్క రాయి.

అత్తయ్య


ఇంట్లో, కిటికీ దగ్గర

అమ్మా,

ఆయన నీకు రాసినవన్నీ ఆయన చేతే చెప్పించుకున్నాను, నువ్వు రాసినవన్నీ చదివాను. నువ్వు ఆయనకి రాసిన ఆఖరిది కూడా. నా గురించి ఇన్ని కాగితాలు ఖర్చుపెట్టారు, నన్ను ఒక్క మాట అడగడానికి మాత్రం ఇద్దరికీ నోరు పడిపోయింది.

ఆయన కారు వెనక దాక్కుంటే నాకంటే కారే ఎక్కువనుకున్నాను. ఉండమని ఒక్కమాట అనడం లేదు, నేను వెళ్తే తనకి హాయేమో అనుకున్నాను. గురువారం రాత్రి పెట్టె కట్టేశాను. శనివారం సరే అని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. చెప్పేసేదాన్నే అమ్మా. శుక్రవారం ఆ ఆఖరి చక్రం దగ్గరినుంచి అడిగారు. మొహం చూసి అడగలేకపోయారు, అయినా అడిగారు. నాకు కాలు నొప్పి పెట్టలేదు. ఏడుస్తున్నానని తెలియకూడదని ఏదో ఒకటి అన్నాను.

గది వద్దని మేట్రన్‌కి చెప్పేశాను.

ఇక నీ సంగతి. నువ్వు చూసొచ్చిన గది, గాలీ వెలుతురూ ఉన్న గది, ఎవరికిస్తారో కనుక్కున్నావా? క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లని ఏ వేళ పడితే ఆ వేళ వార్డుకి పిలుస్తారు. బయటికి వెళ్లాలంటే అడిగి వెళ్లాలి. నీ షాపు వెనక వీధిలోనే ఉండేదాన్ని, నీకు ఒక్కపూట కూడా దక్కేదాన్ని కాదు.

కారులో వస్తే ఏమవుతుందో తెలుసా? నా డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుంది. ఈయన షాపు మూసి, కొండ దాటి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అప్పటిదాకా నేను ఎక్కడ కూర్చుంటాననుకున్నావు? ఆసుపత్రి మెట్ల మీదా? రోజూ, ఆదివారం తప్ప, నీ ఎదురుగా కూర్చుని తింటాను, నీతో పోట్లాడతాను. బదిలీ కాగితం వచ్చిన రోజే నేను అనుకున్న లెక్క ఇది. నెల పైగా నువ్వు కూర్చుని పాడుచేయించింది ఆ కారునే.

అడిగి ఉంటే చెప్పేదాన్ని కదమ్మా.

సోమవారం అక్కడ డ్యూటీలో చేరి, మధ్యాహ్నం నీ దగ్గరికి వస్తున్నాను. ఆకలితో వస్తాను.

నీ కూతురు


బ్రేకుల షాపు

అల్లుడికి వెయ్యి దీవెనలు.

ఈ ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. జాగ్రత్తగా చదువు.

డబ్బాలో ఆయిల్ ఎంతుందో రోజూ పొద్దున్నే చూడు. గీత కంటే తగ్గితే మూత పెట్టేసి ఊరుకోకు, ఎక్కడ కారుతోందో వెతుకు. నాలుగు స్క్రూలనీ గుడ్డతో తుడిచి, వేలు పెట్టి తడి ఉందేమో చూడు. హ్యాండ్ బ్రేకు తీగ నేను మారుస్తాను, మొదటిరోజు వచ్చినప్పుడు కారు గంటసేపు నాకు వదిలెయ్. లైనింగులు కూడా నావే వేస్తాను, కాదనకు. కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకుని రాకు, వేడెక్కి జారుతుంది. చిన్న గేరులో దిగు. వర్షం పడితే షాపు తొందరగా మూసి బయల్దేరు, పడకపోతే అవసరం లేదు.

పొద్దున పూట అమ్మాయిని దింపడానికి మాత్రం త్వరగా రా. డ్యూటీకి ముందు ఓ గ్లాసు టీ తాగే టైముండాలి. సాయంత్రం తీసుకెళ్లడానికి తొందరేమీ లేదు. బేరాలు పోగొట్టుకోకు. వచ్చినవాళ్లందరికీ కళ్లు పరీక్ష చేసి, అద్దాలు తుడిచి, తాళం సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకుని బయల్దేరు. అది కొండ దారి బాబూ.

నిదానంగా రా.

మీ అత్తయ్య